చిన్న యంత్రం చెప్పిన పెద్ద పాఠం

సంక్రాంతి పండుగకు తెలుగు ఇళ్లలో కొలువుతీరే బొమ్మలలో ఎడ్లబండి ఉంటుంది, తిరగలి ఉంటుంది, రోలూ రోకలీ ఉంటాయి. పసిపిల్లలు వాటిని ఆటవస్తువులుగానే చూస్తారు. కాని వాటిని మలచిన కళాకారుడికి నిజమైన బండిలో ఇరుసు ఎక్కడ దూరుతుందో, కాడి ఎక్కడ కట్టబడుతుందో తెలియకపోతే ఆ బొమ్మ బండి కానేరదు. ఒక వస్తువును చిన్నదిగా చేయదలచినవాడు ముందుగా దానిని సమగ్రంగా తెలుసుకొని ఉండాలి. యంత్రాల విషయంలో ఈ సత్యం మరింత లోతైనది. ఎందుకంటే యంత్రానికి రూపమొక్కటే చాలదు, చలనం కూడా కావాలి. రూపాన్ని కొలతబద్దతో కుదించవచ్చు. కాని వేడి, బరువు, నీరు, ఆవిరి కొలతబద్దకు లొంగవు.

ఈ చిక్కుముడినుండే ఆధునిక పారిశ్రామిక యుగానికి పునాది వేసిన ఒక ఆవిష్కారం జనించింది. స్కాట్లండులోని గ్లాస్గో విశ్వవిద్యాలయంలో బల్లమీద పట్టే ఒక చిన్న ఆవిరియంత్రపు నమూనా సరిగా పనిచేయలేదు. దానిని బాగుచేయడానికి పూనుకొన్న పనివాడు జేమ్స్ వాట్. ఆ నమూనా ఎందుకు ఆగిపోయిందో తెలుసుకొనడానికి అతడు పడిన శ్రమ, తరువాత అతడే నిర్మించిన మరొక నమూనా, అది పెద్ద యంత్రంగా మారడానికి పట్టిన దీర్ఘకాలం, ఈ మూడూ కలిసి నమూనా నిర్మాణకళకు ఒక సంపూర్ణమైన పాఠంగా నిలిచి ఉన్నాయి.

గనులలో నీరు

పదిహేడవ శతాబ్దం ముగిసేనాటికి ఇంగ్లండులోని బొగ్గు గనులూ తగరపు గనులూ లోతుకు దిగినకొద్దీ నీటితో నిండిపోసాగాయి. గుర్రాలచేత తిప్పించే నీటితోడు సాధనాలు ఆ లోతులకు చాలలేదు. డార్ట్‌మత్ పట్టణంలో ఇనుప సామగ్రి వర్తకుడైన థామస్ న్యూకోమెన్ 1712లో డడ్లీ కోట సమీపాన ఒక బొగ్గు గనివద్ద ఆవిరితో నడిచే యంత్రాన్ని నెలకొల్పాడు. దాని సిలిండరు వ్యాసం 21 అంగుళాలు, ఎత్తు దాదాపు 8 అడుగులు. అది నిమిషానికి 12 మార్లు ఊగుతూ, ఊపు ఒక్కింటికి 10 గ్యాలన్ల నీటిని 153 అడుగుల లోతునుండి పైకి తెచ్చేది.

తెలుగు పల్లెలలో నీరు తోడే ఏతాన్ని చూసినవారికి ఈ యంత్రపు ఆకృతి సులభంగా బోధపడుతుంది. నడుమ ఆధారంపై ఊగే పెద్ద దూలం ఒకటి. దాని ఒక కొసకు గనిలోకి దిగే పంపు కడ్డీ, రెండవ కొసకు సిలిండరులో పైకీ క్రిందికీ కదిలే ముషలకం గొలుసులతో వ్రేలాడుతుంటాయి. పంపు కడ్డీ బరువుకు ఆ వైపు దిగినప్పుడు ముషలకం పైకి లేస్తుంది. అప్పుడు బాయిలరునుండి వచ్చిన ఆవిరి సిలిండరును నింపుతుంది. వెంటనే లోపలికి చన్నీటి ధారను చిమ్మగా ఆవిరి నీరై కుంచించుకుపోతుంది. సిలిండరులో శూన్యప్రాయమైన స్థితి ఏర్పడి, పైనున్న గాలి ఒత్తిడి ముషలకాన్ని క్రిందికి నొక్కుతుంది. దూలం రెండవ కొస లేచి, గనిలోని నీటిని పైకి లాగుతుంది. ఏతంపై మనిషి ముందుకూ వెనుకకూ నడుస్తూ చేసే పనిని ఇక్కడ గాలి బరువు చేసిందన్నమాట.

ఈ యంత్రానికి ఒక పెద్ద లోపం ఉంది. ప్రతి ఊపుకూ సిలిండరును చన్నీటితో చల్లబరచి, మరుక్షణమే ఆవిరితో తిరిగి వేడిచేయవలసి వచ్చేది. బొగ్గు గనుల ముంగిట అమ్ముడుపోని బొగ్గు గుట్టలుగా ఉండేది గనుక అక్కడ ఈ దుబారాను ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. కాని బొగ్గును ఓడలమీద తెప్పించుకోవలసిన కార్న్‌వాల్ తగరపు గనుల యజమానులకు అది మోయలేని భారమైంది.

బల్లమీది యంత్రం

గ్లాస్గో విశ్వవిద్యాలయంలో ప్రకృతి శాస్త్రం బోధించే తరగతికి న్యూకోమెన్ యంత్రపు నమూనా ఒకటి ఉండేది. దాని సిలిండరు ఇత్తడిది, వ్యాసం 2 అంగుళాలు, ముషలకం నడక 6 అంగుళాలు. అది సరిగా నడవకపోవడంతో లండనులో పేరుపొందిన పరికర నిర్మాత జోనతన్ సిసన్ వద్దకు పంపబడింది. అక్కడినుండి తిరిగివచ్చిన తరువాత కూడా దాని తీరు మారలేదు. 1763–64 శీతకాలంలో ఆచార్య జాన్ ఆండర్సన్ దానిని జేమ్స్ వాట్‌కు అప్పగించాడు.

అప్పటికి వాట్ ఇంకా ముప్పదేళ్లు నిండని యువకుడు. 1736లో గ్రీనాక్ రేవు పట్టణంలో జన్మించిన అతడు 1755లో లండను వెళ్లి, పరికరాల తయారీలో ఒక్క సంవత్సరం మాత్రమే శిక్షణ పొందాడు. ఆ రోజులలో ఆ వృత్తికి ఏడేళ్ల శిష్యరికం ఆచారం. 1757లో విశ్వవిద్యాలయం తన ఆవరణలోనే అతనికి ఒక చిన్న పనిగది కల్పించింది. కొలత సాధనాలు చేయడం, విరిగినవాటిని సరిచేయడం అతని జీవనోపాధి. అందుచేత ఆ నమూనా అతనికి మొదట వచ్చిన అనేక మరమ్మతు పనులలో ఒకటి మాత్రమే.

వాట్ దానిని విప్పి, శుభ్రపరచి, కూర్చి, మంట పెట్టాడు. యంత్రం నాలుగైదు ఊపులు ఊగి ఆగిపోయింది. బాయిలరులో ఆవిరి నిండుకొంది. మంట పెంచినా ఫలితం లేదు. అతుకులలో కారుడు లేదు. అమరికలో లోపమేదీ కనబడలేదు. రూపంలో అది పెద్ద యంత్రానికి నిక్కమైన ప్రతిరూపమే. అయినా పెద్ద యంత్రం పగలూ రేయీ నడుస్తుండగా చిన్నది నిమిషం కూడా నడవదు. లోపం పనితనంలో లేకపోతే మరెక్కడ ఉంది? మరొక పనివాడైతే ఏదో విధంగా నడిపించి కూలి పుచ్చుకొని ఊరుకొనేవాడు. వాట్ కూడా చిమ్మే నీటిని తగ్గించి నమూనాను నడిపించాడు. కాని ఆ ప్రశ్నను మాత్రం విడిచిపెట్టలేదు.

కొలత మారితే నడవడి మారుతుంది

గుండిగలో కాచిన పాలు గంటసేపు వెచ్చగా ఉంటాయి. అవే పాలు చిన్న గ్లాసులో పోస్తే త్వరగా చల్లారిపోతాయి. వేడిని నిలుపుకొనేది లోపలి పదార్థపు పరిమాణం, వేడిని పోగొట్టుకొనేది పాత్ర ఉపరితలం. వస్తువు చిన్నదయినప్పుడు ఈ రెండూ ఒకే దామాషాలో తగ్గవు. 24 అంగుళాల సిలిండరును పన్నెండవ వంతుకు కుదించి 2 అంగుళాలు చేస్తే, దాని ఉపరితలం 144వ వంతు అవుతుంది, ఘనపరిమాణం 1,728వ వంతు అవుతుంది. అంటే ప్రతి పాలు ఆవిరికి చుట్టూ ఉన్న చల్లని గోడ పన్నెండు రెట్లు ఎక్కువవుతుంది. ఇదిగాక నమూనా సిలిండరు ఇత్తడిది. పెద్ద యంత్రాలలోని పోత ఇనుముకంటే ఇత్తడి వేడిని త్వరగా గ్రహిస్తుంది. అందుచేత లోనికి వచ్చిన ఆవిరిలో అత్యధిక భాగం పనిచేయకముందే గోడలకు తగిలి నీరైపోయేది.

పరిమాణం మారినప్పుడు వస్తువుల ధర్మాలు ఒకే విధంగా మారవని ఇటలీ శాస్త్రజ్ఞుడు గెలీలియో 1638లో ప్రచురించిన గ్రంథంలోనే నిరూపించాడు. చిన్న జంతువు ఎముకను అదే ఆకారంలో పెంచితే అది పెద్ద జంతువు బరువును మోయలేదని అతడు చూపించాడు. ఇంగ్లండులో జాన్ స్మీటన్ 1759లో నీటి చక్రాల నమూనాతో చేసిన ప్రయోగాలను ప్రకటిస్తూ, నమూనాపై తేలిన ఫలితాలను నిజమైన యంత్రాలతో సరిచూసుకోవలసిన అవసరాన్ని హెచ్చరించాడు. తెలిసిన సూత్రమే అయినా, అది ఆవిరియంత్రపు గుట్టును విప్పగలదని గుర్తించినవాడు వాట్.

ఇక్కడే అతని మేధ ప్రత్యేకత కానవస్తుంది. చిన్న నమూనాలో దుబారా అధికంగా ఉన్నందువల్లనే అది కంటికి కనబడింది. పెద్ద యంత్రంలోనూ అదే దుబారా ఉంది. కాని అక్కడ అది బొగ్గు గుట్టల చాటున దాగి ఉంది. నమూనా తప్పుగా పనిచేయలేదు. పెద్ద యంత్రం దాచిన దోషాన్ని అది బయటపెట్టింది.

ఆ దోషాన్ని అంకెలలో పట్టుకొనడానికి వాట్ పూనుకొన్నాడు. అవిసె నూనెలో నానబెట్టి ఎండబెట్టిన కొయ్యతో 6 అంగుళాల వ్యాసం, 12 అంగుళాల నడక గల మరొక సిలిండరును చేసి పరీక్షించాడు. కొయ్య వేడిని తక్కువగా గ్రహిస్తుందని అతని ఊహ. నీరు ఆవిరి అయినప్పుడు దాని ఘనపరిమాణం సుమారు 1,800 రెట్లు పెరుగుతుందని లెక్కించాడు. తరువాతి కాలంలో తేలిన సరియైన లెక్క సుమారు 1,670 రెట్లు. ఆనాటి సాధనాలతో ఇంత దగ్గరగా రావడం సామాన్య విషయం కాదు. కెటిలునుండి ఆవిరిని చన్నీటిలోకి పంపి చూడగా, ఆవిరిగా మారిన నీరు తన బరువుకు ఆరు రెట్ల చన్నీటిని మరిగే స్థితికి తేగలదని తేలింది. ఇంత వేడి ఎక్కడ దాగి ఉందో తెలియక, అదే విశ్వవిద్యాలయంలోని ఆచార్య జోసెఫ్ బ్లాక్‌ను అడిగాడు. పాఠ్యపుస్తకాలలో విద్యార్థులు చదివే గుప్తోష్ణ సిద్ధాంతాన్ని బ్లాక్ అప్పటికే కనుగొని ఉన్నాడు. పనివాని ప్రయోగం, ఆచార్యుని సిద్ధాంతం ఆ విధంగా ఒకదానినొకటి కలుసుకొన్నాయి.

ఇప్పుడు సమస్య స్పష్టమైంది. ఆవిరి వృథా కాకుండా ఉండాలంటే సిలిండరు ఎప్పుడూ వేడిగా ఉండాలి. ఆవిరి నీరు కావాలంటే సిలిండరు ప్రతి ఊపుకూ చల్లబడాలి. ఒకే పాత్ర ఒకేసారి వేడిగానూ చల్లగానూ ఉండడం ఎట్లా? దాదాపు ఏడాదిన్నర కాలం ఈ ప్రశ్న వాట్‌ను వెన్నాడింది.

పిచికారీ సిలిండరు

1765 మే నెలలో ఒక ఆదివారంనాడు గ్లాస్గో పట్టణంలోని పచ్చికబయలులో నడుస్తుండగా తనకు సమాధానం స్ఫురించినట్లు వాట్ వృద్ధాప్యంలో చెప్పుకొన్నాడు. ఆవిరి సాగే గుణం కలది కనుక శూన్యంగా ఉన్న చోటికి తానే పరుగెత్తుతుంది. సిలిండరు ప్రక్కన చల్లని మరొక పాత్రను అమర్చి, రెంటినీ గొట్టంతో కలిపితే ఆవిరి అక్కడికి పోయి నీరవుతుంది. సిలిండరును చల్లబరచవలసిన పని ఉండదు. వేడి పాత్ర వేడిగానే, చల్లని పాత్ర చల్లగానే ఉంటాయి. ఈ రెండవ పాత్రకే కండెన్సరు అని పేరు వచ్చింది.

స్ఫురించిన ఊహను పరీక్షించడానికి అతడు వెంటనే ఒక నమూనాను సిద్ధం చేశాడు. కొత్తగా సిలిండరు పోత పోయించడానికి వ్యవధి లేదు. వైద్యులు వాడే పెద్ద ఇత్తడి పిచికారీ ఒకటి దొరికింది. దాని వ్యాసం ఒకటింముప్పాతిక అంగుళం, పొడవు 10 అంగుళాలు. అదే సిలిండరు అయింది. పలుచని తగరపు రేకుతో చేసిన సన్నని గొట్టాలు కండెన్సరు అయ్యాయి. వాటిలో చేరిన గాలినీ నీటినీ తోడివేయడానికి చిన్న పంపు ఒకటి. దొరికిన వస్తువులతో కూర్చిన ఈ చిన్న సాధనం సుమారు 18 పౌన్ల బరువును ఎత్తింది. పిట్ట కొంచెం, కూత ఘనం అన్న సామెతకు ఇంతకంటె తగిన నిదర్శనం యంత్రచరిత్రలో అరుదు.

పదకొండేళ్ల నిరీక్షణ

కథ ఇక్కడితో ముగిసి ఉంటే అది కేవలం విజయగాథ అయ్యేది. కాని వాట్ నమూనాలు అతనికి రెండవ పాఠం కూడా నేర్పాయి. అది మొదటిదానికంటె కఠినమైనది.

పిచికారీ వైద్యోపకరణం కనుక దాని లోపలి భాగం ఆ పాటికే నునుపుగా, సమంగా ఉంది. ముషలకం దానిలో చక్కగా ఇమిడి కదిలింది. ఇదే పనిని పెద్ద ఎత్తున చేయడానికి జాన్ రోబక్ అనే పారిశ్రామికుడు పెట్టుబడి పెట్టాడు. 1769 జనవరి 5న వాట్‌కు పేటెంటు లభించింది. అదే సంవత్సరం కిన్నీల్ అనే చోట 18 అంగుళాల సిలిండరుతో పెద్ద యంత్రాన్ని నిర్మించి చూశారు. అది ఆశించినట్లు పనిచేయలేదు. ఆ రోజులలో పెద్ద సిలిండరును లోపల సరిగ్గా గుండ్రంగా తొలిచే సాధనం లేదు. ముషలకానికీ గోడకూ నడుమ సందులు మిగిలాయి. ఆవిరి కారిపోయింది. న్యూకోమెన్ యంత్రంలో ముషలకంపై నీటి పొర నిలిపి ఆ సందులను మూసేవారు. వాట్ యంత్రంలో సిలిండరు వేడిగా ఉండాలి కనుక ఆ ఉపాయం పనికిరాదు.

చిన్న నమూనాలో సమస్యగానే కనిపించని అంశం పెద్ద యంత్రంలో ప్రాణసంకటమైంది. మొదటి నమూనా పెద్ద యంత్రంలో దాగిన దోషాన్ని చూపింది. రెండవ నమూనా పెద్ద యంత్రంలో ఎదురుకాబోయే కష్టాన్ని దాచింది. రోబక్ 1773 నాటికి దివాలా తీశాడు. వాట్ కుటుంబ పోషణకోసం కాలువలకు భూమి కొలతలు వేసే పనిలో చాలాకాలం గడపవలసి వచ్చింది. ఆ సంవత్సరంలోనే అతని భార్య మరణించింది.

1774లో వాట్ బర్మింగ్‌హామ్ చేరి, పారిశ్రామికుడు మాథ్యూ బౌల్టన్‌తో కలిసి పని ప్రారంభించాడు. అదే సంవత్సరం జాన్ విల్కిన్‌సన్ అనే ఇనుప పరిశ్రమ యజమాని ఫిరంగుల గొట్టాలను తొలిచే కొత్త విధానానికి పేటెంటు పొందాడు. ఆ అనుభవంతో అతడు ఆవిరియంత్రపు సిలిండర్లకోసం తొలుపు యంత్రాన్ని రూపొందించాడు. 50 అంగుళాల సిలిండరులో ఎక్కడా ఒక పాత షిల్లింగు నాణెం మందాన్ని మించిన తేడా లేదని బౌల్టన్ సంతోషించాడు. 1776 మార్చిలో డడ్లీకి సమీపంలోనే ఉన్న టిప్టన్‌లో, బ్లూమ్‌ఫీల్డ్ బొగ్గు గనివద్ద వాట్ యంత్రం పని ప్రారంభించింది. పిచికారీ నమూనాకూ దీనికీ నడుమ దాదాపు పదకొండు సంవత్సరాలు గడిచాయి. యంత్రం ఆదా చేసిన బొగ్గు విలువలో మూడవ వంతును ప్రతిఫలంగా తీసుకొనే పద్ధతి కార్న్‌వాల్ గనులలో అమలైంది. నమూనా బల్లపై బయటపడిన దుబారా ఆ విధంగా జమాఖర్చు పుస్తకాలకెక్కింది.

సాక్షులుగా మిగిలిన నమూనాలు

పని తీరిపోయిన పెద్ద యంత్రానికి చరిత్రలో సాధారణంగా ఒకటే గతి, పాత ఇనుము కొట్టు. దాని లోహానికి ధర ఉంది, అది ఆక్రమించిన స్థలానికి ధర ఉంది. నమూనాకు ఈ రెండు ప్రమాదాలూ తక్కువ. అందుచేత కాలక్రమంలో నమూనాలు పరిశోధన సాధనాల స్థాయినుండి చారిత్రక సాక్ష్యాల స్థాయికి చేరుకొన్నాయి.

పోర్ట్స్‌మత్ నౌకాస్థావరంలో తెరచాప ఓడలకు కావలసిన కప్పీలను తయారుచేయడానికి మార్క్ బ్రూనెల్ రూపకల్పన చేయగా, హెన్రీ మాడ్స్‌లీ నిర్మించిన యంత్రశ్రేణి 1808 నాటికి ఏటా 1,30,000 కప్పీలను ఇచ్చింది. పూర్వం 110 మంది చేసిన పనిని 10 మంది చేయగలిగారు. వాటికోసం మాడ్స్‌లీ చేసిన నమూనాలు గ్రీనిచ్‌లోని జాతీయ నౌకా ప్రదర్శనశాలలో భద్రంగా ఉన్నాయి. అమెరికాలో 1790నాటి పేటెంటు చట్టం ప్రకారం ఆవిష్కర్తలు తమ యంత్రపు నమూనాను కూడా దాఖలు చేయవలసి వచ్చేది. 1836 డిసెంబరులో సంభవించిన అగ్నిప్రమాదంలో అక్కడ సుమారు 7,000 నమూనాలు దగ్ధమయ్యాయి. 1880 తరువాత సాధారణంగా నమూనాలు కోరడం మానివేశారు. తరువాతి కాలంలో అధ్యక్షుడైన అబ్రహాం లింకన్ 1849లో, లోతు తక్కువ నీటిలో చిక్కుకొన్న పడవను తేల్చే ఉపాయానికి పేటెంటు పొందినప్పుడు సమర్పించిన కొయ్య నమూనా నేటికీ మిగిలి ఉంది.

న్యూకోమెన్ 1712నాటి యంత్రం చాలాకాలం క్రితమే అదృశ్యమైంది. 1719లో థామస్ బార్నీ చెక్కిన ఒక చిత్రం మాత్రం మిగిలింది. ప్రధానంగా ఆ చిత్రం ఆధారంగానే డడ్లీలోని ప్రదర్శనశాలలో పూర్తి పరిమాణపు ప్రతిరూపాన్ని నిర్మించి 1986లో ఆవిరితో నడిపించారు. చిత్రంలో చూడడానికి సులువుగా తోచిన ప్రతి మీటా, ప్రతి కవాటమూ నిర్మాతకు ఒక ప్రశ్న అవుతుంది. బొమ్మ గీసినవాడు వివరం దాటవేయవచ్చు. యంత్రాన్ని నడపవలసినవాడికి ఆ అవకాశం లేదు.

వాట్ బాగుచేసిన నమూనా గ్లాస్గో విశ్వవిద్యాలయపు హంటేరియన్ ప్రదర్శనశాలలో ఉంది. అతని జీవితపు చివరి దశకు చెందిన మరొక జ్ఞాపకం లండనులో ఉంది. ధనమూ కీర్తీ సంపాదించిన తరువాత కూడా వాట్ హీత్‌ఫీల్డ్‌లోని తన ఇంటి అటకగదిలో పనిబల్ల వేసుకొని, శిల్పాలకు చిన్న, పెద్ద ప్రతులు తీసే యంత్రాలను నిర్మిస్తూ కాలం గడిపాడు. 1819లో అతడు మరణించిన తరువాత ఆ గది దాదాపు అదే స్థితిలో నిలిచిపోయింది. 1924లో ఎనిమిది వేలకు పైగా వస్తువులతో సహా ఆ గది లండను విజ్ఞాన ప్రదర్శనశాలకు తరలించబడింది.

చేతిపని మర్మం

పాత యంత్రాలకు నమూనాలు చేయడం పందొమ్మిదవ శతాబ్దాంతానికి సామాన్యులకు కూడా అభిరుచిగా మారింది. లండనులో 1898లో పెర్సివల్ మార్షల్ ప్రారంభించిన ‘మోడల్ ఇంజనీర్’ పత్రిక కార్మికులకు, గుమాస్తాలకు, ఉపాధ్యాయులకు ఈ విద్యను చేరువ చేసింది. సిద్ధంగా దొరికే భాగాలను కూర్చడం ఒక పద్ధతి. రేకు, కడ్డీ, కొయ్య, పోతలనుండి ప్రతి భాగాన్నీ స్వయంగా తయారుచేసుకొనడం రెండవ పద్ధతి. శ్రమ అధికమైనా యంత్రజ్ఞానం సమకూరేది ఈ రెండవ పద్ధతిలోనే.

పని కొలతతో ఆరంభమవుతుంది. అసలు యంత్రం నిలిచి ఉంటే దాని ప్రతి భాగాన్నీ కొలిచి, చిత్రాలు గీసుకోవాలి. తరువాత దామాషా నిర్ణయించాలి. అడుగుకు అంగుళం, అనగా పన్నెండవ వంతు, చాలాకాలంగా ప్రచారంలో ఉన్నది. ఈ దామాషాలో పది టన్నుల యంత్రం బరువు, అవే లోహాలు వాడితే, ఆరు కిలోలకు లోపే ఉంటుంది. పోత పోయవలసిన భాగాలకు ముందుగా కొయ్యతో అచ్చు చెక్కాలి. కరిగిన లోహం చల్లారి కుంచించుకుపోతుంది కనుక అచ్చును కొంచెం పెద్దదిగా చేయాలి. పోత ఇనుముకు అడుగుకు అంగుళంలో ఎనిమిదవ వంతు, ఇత్తడికి అంతకంటె కొంచెం ఎక్కువ. ఆ అచ్చును ఇసుకలో ముద్రించి, ఏర్పడిన మూసలో లోహాన్ని పోస్తారు. తరువాత లేతుమీద సిలిండరును తొలిచి, ఆకురాయితో అంచులను సరిచేస్తారు.

కుదింపునకు లొంగనివి ఇక్కడే ఎదురవుతాయి. పెద్ద యంత్రంలో అర అంగుళం మర నమూనాలో ఒక మిల్లీమీటరుకు కొంచెం ఎక్కువ. దానిని రెంచితో కాదు, పట్టకారుతో పట్టుకోవాలి. మూసలోని ఇసుక రేణువు మాత్రం చిన్నది కాదు. అందుచేత పెద్ద పోతపై నునుపుగా తోచే గరుకుదనం చిన్న పోతపై రాళ్ల నేలవలె కనబడుతుంది. నీటి చుక్క చిన్నది కాదు. సన్నని గొట్టాలలో అది అడ్డుపడి నిలుస్తుంది. ఆవిరి త్వరగా చల్లారుతుంది. అందుచేత అనుభవజ్ఞుడైన నిర్మాత ఎక్కడ అచ్చంగా అనుకరించాలో, ఎక్కడ అనుకరణను విడిచి యంత్రపు ఉద్దేశ్యాన్ని నిలబెట్టాలో నిర్ణయించుకొంటాడు. గొట్టాన్ని కొంత వెడల్పు చేస్తాడు, సిలిండరుకు వెచ్చని కప్పు తొడుగుతాడు. 1764లో గ్లాస్గో పనిగదిలో వాట్ ఎదుర్కొన్న సమస్య నమూనా నిర్మాత ప్రతి ఒక్కరికీ ఈ విధంగా మళ్లీ ఎదురవుతూనే ఉంటుంది.

దగ్గరి యంత్రాలు

ఈ చరిత్రంతా దూరదేశాలకు సంబంధించినదిగా తోచవచ్చు. కాని ఆంధ్రదేశం వెలుపల స్థిరపడిన తెలుగువారిలో అనేక కుటుంబాల జీవనం తరతరాలుగా యంత్రాల నడుమనే సాగింది. సోలాపూరు, భివండి పట్టణాలలో పద్మశాలి కుటుంబాలు మగ్గాల చప్పుడు మధ్య పిల్లలను పెంచాయి. కోలారు బంగారు గనులలో ఎందరో తెలుగువారు శ్రమించారు. ఆ గనులు 2001లో మూతపడ్డాయి. మోక్షగుండం పూర్వికుల గ్రామంగా కలిగిన తెలుగు కుటుంబంలో, మైసూరు రాజ్యంలో పుట్టిన విశ్వేశ్వరయ్య పేరిట బెంగుళూరులో 1962లో పారిశ్రామిక సాంకేతిక ప్రదర్శనశాల ప్రారంభమైంది. యంత్రాన్ని విద్యార్థి కళ్లెదుట నిలిపి, త్రిప్పి చూపించడం అటువంటి సంస్థల పని.

ప్రదర్శనశాలకు చేరే యంత్రాలు కొన్నే. మూలబడిన చేతిమగ్గం, వాడుకనుండి తప్పించిన నూలు యంత్రం, గనినుండి తొట్టెను పైకిలాగిన చక్రం, ఇవి పోయిన తరువాత వాటిని నడిపినవారి మాటలలో మాత్రమే మిగులుతాయి. ఆ మాటలు కూడా కలకాలం నిలిచేవి కావు. ఏ పలక ఎక్కడ అరిగేదో, ఏ మీటను ఏ చేతితో లాగేవారో తాతకు తెలుసు, మనుమడికి తెలియదు. కొలతబద్ద, కాగితం, పెన్సిలు పట్టుకొని ఒక విద్యార్థి ఆ తాత ప్రక్కన కూర్చొన్ననాడు సగం నమూనా తయారైనట్లే. మిగిలిన సగం రంపమూ ఆకురాయీ చేస్తాయి.

ఆ నమూనా మొదటిసారే నడవకపోవచ్చు. నడవకపోతే అందుకు చింతింపనక్కరలేదు. ఎందుకు నడవలేదని తాతను అడగాలి, లెక్క వేసి చూడాలి, విప్పి మళ్లీ కూర్చాలి. నాలుగైదు ఊపులతో ఆగిపోయిన ఇత్తడి నమూనా ముందు కూర్చొని వాట్ చేసినది కూడా ఇదే.